గివ్ ఎ హ్యాండ్ అంటే చెయ్యివ్వడం కాదు: ఇడియమ్స్ కోసం మూడు ఆన్‌లైన్ డిక్షనరీల సమీక్ష

తెలుగులో ఎవరైనా ‘చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి ముంచాడని అర్థం. ఇంగ్లీషులో ‘గివ్ సమ్‌బడీ ఎ హ్యాండ్’ అంటే సాయం చేయడం. మనవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఇలాంటి చోటే. బొత్తిగా తెలియని ఇడియమ్ (జాతీయం) ఎదురైతే డిక్షనరీ తెరుస్తాం. తెలిసినట్టు అనిపించినదాన్ని మాత్రం మన భాషలోని అర్థం తగిలించుకుని దాటేస్తాం. అందుకని ఈ సమీక్షలో ‘పీస్ ఆఫ్ కేక్’ లాంటి అందరికీ తెలిసినవాటిని పక్కన పెట్టి, తెలుగు చెవికి తప్పుగా వినిపించే ఇడియమ్స్‌నే గీటురాయిగా తీసుకున్నాం.

చూసినవి మూడు సైట్లు: ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్, కేంబ్రిడ్జ్ డిక్షనరీ, లాంగ్‌మన్. మూడింట్లోనూ ఖాతా తెరవకుండానే ఉచితంగా వెతుక్కోవచ్చు, కాకపోతే ప్రకటనలు ఉంటాయి. మూడూ ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళను దృష్టిలో పెట్టుకున్నవే. ఇడియమ్ అర్థం ఏమిటన్న ప్రశ్నకు మూడూ సరైన జవాబే ఇస్తాయి, అక్కడ పోటీ లేదు. తేడా అంతా ఆ తర్వాతే ఉంది. ఈ మాట ఎవరితో అనవచ్చు, ఎవరితో అనకూడదు? ఇందులో ఏ పదం మార్చవచ్చు, ఏది కదపకూడదు? నిజం వాక్యంలో ఎలా కూర్చుంటుంది? వీటికి జవాబు లేని డిక్షనరీ సగం డిక్షనరీ కిందే లెక్క.

ముందుగా ఆక్స్‌ఫర్డ్. ఎ.ఎస్. హార్న్‌బీ బృందం తయారు చేసిన ఈ నిఘంటువు మొదటి రూపం 1942లో జపాన్‌లో వెలువడింది. అప్పటి పేరులోనే ‘ఇడియమాటిక్’ అనే మాట ఉంది. ఆ పట్టింపు ఇప్పటికీ కనిపిస్తుంది. ఏ పదం పేజీ తెరిచినా అర్థాలన్నీ అయ్యాక, కింద ఇడియమ్స్ అన్న శీర్షికతో విడిగా ఒక భాగం ఉంటుంది. ‘బైట్’ పేజీకి వెళ్తే ‘బైట్ ద బుల్లెట్’, ‘బైట్ యువర్ టంగ్’ వగైరాలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. అచ్చు పుస్తకం వాడేవాళ్ళకు ఒక సూత్రం: ఇడియమ్‌లో మొదటి పూర్తి పదం, అంటే మొదట వచ్చే నామవాచకమో క్రియో విశేషణమో క్రియావిశేషణమో, దాని కింద వెతకాలి. గెట్, గో, మేక్ లాంటి అతి మామూలు క్రియలతో మొదలైతే వాటిని వదిలేసి తర్వాతి పూర్తి పదం దగ్గరికి వెళ్ళాలి. ఈ ఒక్క సూత్రం తెలియక పుస్తకంలో లేదనుకుని మూసేసేవాళ్ళు చాలామంది.

ఒక లోపం మాత్రం చెప్పాలి. మనం ఇడియమ్ అనుకునేవన్నీ ఆ భాగంలోనే ఉండవు. పైన చెప్పిన ‘ఎ హ్యాండ్’ సంగతే చూడండి. సాయం అనే అర్థం ‘హ్యాండ్’ పేజీలో మామూలు అర్థాల వరుసలోనే వచ్చేస్తుంది. నేరుగా కింది భాగానికి దిగిపోతే అది తప్పిపోతుంది. ‘గివ్ హిమ్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే మళ్ళీ వేరు, చప్పట్లు కొట్టమని. సభలో ఆ మాట విని వక్తకు సాయం చేయబోతే ఇబ్బందే.

ఆక్స్‌ఫర్డ్‌ను ముందు వరసలో నిలబెట్టేది దాని లేబుళ్ళు, అంటే మాట ఏ సందర్భానికి తగినదో చెప్పే గుర్తులు. ఇన్‌ఫార్మల్, హ్యూమరస్, ఓల్డ్ ఫ్యాషన్డ్, డిసప్రూవింగ్ అని అర్థానికి ముందే ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు చాలామంది వాటిని దాటేసి అర్థం దగ్గరికి పరిగెడతారు. ‘కిక్ ద బకెట్’ తీసుకోండి. చనిపోవడం అని రాసుకుని ఊరుకుంటే ప్రమాదం. ఇది తెలుగులోకి ‘బాల్చీ తన్నేశాడు’ అని ఎప్పుడో వచ్చేసింది కాబట్టి దాని రంగు మనకు ఇట్టే తెలుస్తుంది. పరామర్శకు వెళ్ళి ‘మీ నాన్నగారు బాల్చీ తన్నేశారటగా’ అని ఎవరూ అనరు, కాలం చేశారంటారు. ఇంగ్లీషులోనూ అంతే. సంతాప సందేశంలో రాయాల్సింది ‘పాస్డ్ అవే’. ఇన్‌ఫార్మల్ ఆర్ హ్యూమరస్ అన్న ఆ చిన్న లేబుల్ చెప్పేది ఇదే. అర్థం కంటే ముందు దాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి.

బ్రిటిష్, అమెరికన్ రూపాల తేడాను కూడా ఆక్స్‌ఫర్డ్ పక్కపక్కనే చూపిస్తుంది. మన బడుల్లో చెప్పేది ఎక్కువగా బ్రిటిష్ రూపం. డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళినవాళ్ళకు వినిపించేది అమెరికన్ రూపం. ‘బీట్ అబౌట్ ద బుష్’ అక్కడ ‘బీట్ అరౌండ్ ద బుష్’ అవుతుంది. డొంకతిరుగుడుగా మాట్లాడటం అన్నమాట, చిత్రంగా రెండు భాషల్లోనూ పొదలూ డొంకలే. చిన్నదానికి పెద్ద రాద్ధాంతం చేయడాన్ని చెప్పే ‘స్టార్మ్ ఇన్ ఎ టీకప్’ అక్కడ ‘టెంపెస్ట్ ఇన్ ఎ టీపాట్’. కప్పు కాస్తా టీపాట్ అవడమే కాదు, తుఫాను పేరూ మారిపోయింది. ‘డ్రాప్ ఇన్ ది ఓషన్’ అమెరికాలో ‘డ్రాప్ ఇన్ ద బకెట్’. మనకైతే సముద్రంలో కాకిరెట్ట. రెండు రూపాల్లో ఏది వాడినా అర్థమవుతుంది గానీ, ఒకదాని తల మరోదాని తోకకు అతికిస్తే వినేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

కేంబ్రిడ్జ్ దారి వేరు. అక్కడ ఒక్కో ఇడియమ్‌కూ సొంత పేజీ ఉంటుంది. పూర్తి వాక్యఖండం టైప్ చేస్తే నేరుగా దాని దగ్గరికే తీసుకెళ్తుంది, పొడుగాటి పేజీలో కిందికి జరుపుకుంటూ పోవాల్సిన పని లేదు. ఫోన్‌లో చూసుకునేవాళ్ళకు ఇది పెద్ద సుఖం. అర్థం పొట్టిగా, సూటిగా ఉంటుంది. కొన్నింటి పక్కన సి1, సి2 అని, అంటే భాష బాగా వచ్చినవాళ్ళ స్థాయి అని, కూడా సూచిస్తుంది. ఏది ముందు నేర్చుకోవాలో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ను పాతబడిన మాటగా గుర్తించి చెప్పడం కేంబ్రిడ్జ్‌లో నచ్చిన విషయం. మన దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు పాఠాల్లో తొలి వరసలో ఉండే ఇడియమ్ అది. కుండపోత వానను ఇప్పటివాళ్ళు ‘ఇట్స్ పోరింగ్’ అంటారు, సరిపోతుంది. కాకపోతే కేంబ్రిడ్జ్‌లో సొంత పేజీ ఉండటం వల్ల వచ్చే నష్టమూ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పదం చుట్టూ అల్లుకున్న ఇడియమ్స్ కుటుంబం మొత్తం ఒక్కచోట కనిపిస్తుంది. ఇక్కడ పదం పేజీలో వాటి పేర్ల జాబితానే ఉంటుంది, అర్థం కోసం ఒక్కోదాని పేజీకి విడిగా వెళ్ళాలి.

లాంగ్‌మన్ నిఘంటువు 1978లో మొదలైంది. సుమారు 2000 తేలిక పదాలతోనే అర్థాలన్నీ చెప్పాలన్న నియమం దాని బలం. అర్థం చూడటానికి మళ్ళీ ఇంకో పదానికి అర్థం చూసుకోవాల్సిన అవస్థ తక్కువ. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఉదాహరణ వాక్యాలను వినగలగడం మరో గొప్ప సౌకర్యం. ఇడియమ్‌లో ఏ పదం మీద ఊనిక పడుతుందో చదివితే తెలియదు, వినాలి. ఇబ్బంది ఎక్కడంటే, ఇడియమ్స్‌ను విడిగా కాకుండా మామూలు అర్థాల మధ్యనే అంకెలు వేసి కలిపేస్తుంది. ‘టేక్’, ‘హ్యాండ్’ లాంటి పేజీల్లో కావలసింది పట్టుకోవాలంటే ఓపిక కావాలి. బ్రౌజర్‌లో ‘ఫైండ్ ఇన్ పేజ్’ వాడితే కొంత నయం.

ఇక గీటురాయి సంగతి. ‘చెయ్యివ్వడం’ కాక తెలుగువాళ్ళను పడేసేవి ఇంకో మూడున్నాయి.

తెలుగులో నాలుక కరుచుకున్నాడంటే, అనకూడనిది అనేసి ఆ తర్వాత తెలివి తెచ్చుకున్నాడని. ‘బైట్ యువర్ టంగ్’ అంటే నోటిదాకా వచ్చిన మాటను అనకుండా ఆపుకోవడం. ఒకటి మాట జారాక, రెండోది జారకముందు. చిత్రం ఒకటే, కాలం తలకిందులు. మాట మింగేశాడంటే మనకు చెప్పబోయి ఆగిపోయాడని. ‘ఈట్ యువర్ వర్డ్స్’ అంటే తాను ముందు అన్నది తప్పని ఒప్పుకోవాల్సి రావడం. అంటే మన నాలుక కరుచుకోవడానికి అది కొంచెం దగ్గర, మన మాట మింగడానికి ‘బైట్ యువర్ టంగ్’ దగ్గర. ఈ రెండు జతలను అడ్డంగా కలుపుకుంటే గానీ లెక్క కుదరదు. మూడోది ‘పుల్ సమ్‌బడీస్ లెగ్’. మనకు కాళ్ళు పట్టుకుని లాగడమంటే పైకి ఎదిగేవాణ్ణి కిందికి గుంజడం, అసూయ. వాళ్ళకు సరదాగా ఆటపట్టించడం, అబద్ధం చెప్పి కాసేపు నమ్మించడం. ఆఫీసులో ఎవరైనా ‘ఐ వాజ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్’ అంటే నొచ్చుకోవాల్సిన పని లేదు.

మూడు డిక్షనరీలూ వీటి అర్థాలు సరిగానే ఇస్తాయి. వాటిలో ఆక్స్‌ఫర్డ్‌ది మాకు ఎక్కువ నచ్చింది. ‘బైట్ యువర్ టంగ్’ దగ్గర, మాట్లాడాలని ఉన్నా గొడవ అవుతుందేమోనని ఆపుకోవడం అన్న కారణాన్ని కూడా అర్థంలోనే కలిపి చెబుతుంది. తెలుగు మనిషికి అడ్డుపడే చిక్కును విప్పేది ఆ కారణమే.

వెతకడంలో జరిగే పొరపాట్లు కొన్ని. విన్నది విన్నట్టు ‘పుల్లింగ్ మై లెగ్’ అని టైప్ చేస్తే దొరక్కపోవచ్చు. క్రియను మూలరూపంలోకి మార్చి, ‘మై’ తీసేసి, ‘పుల్ లెగ్’ అని వెతకాలి. డిక్షనరీలో ‘సమ్‌బడీస్’, ‘యువర్’ అని ఉన్నవి ఖాళీ గదుల్లాంటివి. ‘సమ్‌బడీస్’ ఉంటే అక్కడ ఎదుటివాళ్ళ పేరో సర్వనామమో రావాలి. ‘యువర్’ ఉంటే వాక్యంలో కర్త ఎవరో వాళ్ళదే రావాలి. అందుకే ‘హీ బిట్ హిజ్ టంగ్’ అవుతుంది తప్ప ‘హీ బిట్ యువర్ టంగ్’ కాదు. డిక్షనరీలో ఉన్నదాన్ని ఉన్నట్టు ఎత్తి రాస్తే వచ్చే తప్పు ఇదే.

మూడింటిలోనూ కొరతగా తోచింది ఇంకొకటి ఉంది. ఇడియమ్‌ను ఎంతవరకు వంచవచ్చో విడిగా చెప్పడం తక్కువ. ‘స్పిల్ ద బీన్స్’ను కర్మణిలోకి తిప్పి ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అన్నా గుట్టు రట్టయిందనే అర్థం నిలుస్తుంది. ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అంటే మాత్రం చావు పోయి నిజంగా బకెట్టే మిగులుతుంది. ‘ఎ పీస్ ఆఫ్ కేక్’కు బహువచనం లేదు, పరీక్షలన్నీ తేలికైనా ‘ద ఎగ్జామ్స్ వర్ ఎ పీస్ ఆఫ్ కేక్’ అనే రాయాలి. ఇలాంటివి ఉదాహరణ వాక్యాలను బట్టి మనమే పట్టుకోవాలి. వాక్యాల్లో కనిపించని మార్పు చేయకపోవడమే క్షేమం.

తెలుగు అర్థాల కోసం వెళ్ళేవాళ్ళకు కేంబ్రిడ్జ్‌లోనే ఇంగ్లీషు-తెలుగు విభాగం ఉంది. విడి పదాలకు ఫర్వాలేదు, ఇడియమ్స్ కోసం దాని మీద ఆధారపడలేం. ఆంధ్రభారతి నిఘంటుశోధనలో బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు ఒకే వెతుకులాటలో దొరుకుతాయి. మంచి తెలుగు మాట కావాలంటే అంతకు మించిన చోటు లేదు. బ్రౌన్ 19వ శతాబ్దపు ఇంగ్లీషు అని మాత్రం గుర్తుంచుకోవాలి. యంత్రానువాదం వాడితే, వచ్చిన తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి తిప్పించి చూడాలి. కాళ్ళూ చేతులూ బకెట్లూ కనిపించాయంటే దానికి అది ఇడియమ్ అని తట్టలేదన్నమాట.

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు లెక్క వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్ 1 (మొదటి దశ)లో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. అందులో ఇడియమ్ వస్తే అడిగేది అర్థమే, కాబట్టి వేగంగా చూసుకోవడానికి కేంబ్రిడ్జ్ చాలు. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు అది చాలదు. స్పీకింగ్ పరీక్ష నడిచేది 11 నుంచి 14 నిమిషాలు, నాలుగు కొలమానాల్లో పదసంపద ఒకటి. బ్యాండ్ 7 (స్కోరు 7) వివరణలో ఇడియమాటిక్ మాటల ప్రస్తావన ఉన్నట్టే, శైలి గురించిన ఎరుక ప్రస్తావన కూడా ఉంది. ఇడియమాటిక్ అంటే ఇడియమ్స్ గుప్పించడం కాదు, ఆ భాష వాళ్ళు మాట్లాడే తీరులో మాట్లాడటం. బట్టీ పట్టిన పది ఇడియమ్స్‌ను వరసగా వదిలేవాళ్ళకు ఆ ఎరుక లేదని పరీక్షించేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటివాళ్ళకు లేబుళ్ళ కోసం ఆక్స్‌ఫర్డ్, వినడం కోసం లాంగ్‌మన్, రెండూ కావాలి.

రాసుకునే పద్ధతి కూడా డిక్షనరీని బట్టే కుదురుతుంది. వారానికి ఐదు ఇడియమ్స్ చాలు. ఒక్కోదానికి ముందు లేబుల్, తర్వాత ఖాళీ గదులతో సహా పూర్తి రూపం, ఒక ఉదాహరణ వాక్యం, చివర తెలుగు. ఆ తెలుగు దగ్గర తొందరపడకూడదు. ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’కు అగ్నికి ఆజ్యం పోయడం, ‘కిల్ టూ బర్డ్స్ విత్ వన్ స్టోన్’కు ఒకే దెబ్బకు రెండు పిట్టలు, ‘క్రొకడైల్ టియర్స్’కు మొసలి కన్నీరు చక్కగా అతుకుతాయి. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ పక్కన కుందేటి కొమ్ము రాస్తే తప్పు. అది ఎప్పుడో అరుదుగా జరిగేది, ఇది ఎన్నటికీ దొరకనిది. ‘గెట్ కోల్డ్ ఫీట్’ పక్కన కాళ్ళూ చేతులూ చల్లబడటం రాసినా తప్పే. ఒప్పుకున్న పనికి చివరి నిమిషంలో జంకడం అది, భయంతో కొయ్యబారిపోవడం కాదు. సరిజోడు దొరకనప్పుడు ఆ గడిలో తెలుగు జాతీయం ఇరికించకుండా, మామూలు మాటల్లో ఒక్క ముక్క రాసుకోండి.