మణికట్టు ఎక్స్‌రేకి ఏఐ రిపోర్టు: విశాఖలో తీయించుకోవచ్చా?

బీచ్ రోడ్డు మీద బండి జారి చెయ్యి ఆనించి పడ్డవాళ్ళయినా, పాడేరు నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళయినా చీకటిపడే వేళకి మహారాణిపేటలో ఏదో ఒక స్కాన్ సెంటర్‌కి చేరతారు. అప్పటికి రేడియాలజిస్ట్, అంటే ఎక్స్‌రేలు చదివే డాక్టరు, ఉండకపోవచ్చు. ఎక్స్‌రేని చదివే ఏఐ నిజంగా అక్కరకొచ్చేది అక్కడే. ఫైలు వెళ్ళిన కొద్ది నిమిషాల్లో అనుమానం ఉన్నచోట గడి గీసి చూపిస్తుంది. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక కింది చివర వెంట్రుకవాసి పగులు అలిసిన కంటికి తప్పిపోవచ్చు. అలాంటప్పుడు రెండో కన్నుగా ఇది మంచిదే, తీయించుకోవచ్చు.

మార్కులు తగ్గేది స్కాఫాయిడ్ దగ్గర, అంటే మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక దగ్గర. బొటనవేలు గట్టిగా చాపితే మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కినప్పుడు గట్టిగా నొప్పి పుడితే, ఏఐ ‘ఫ్రాక్చర్ లేదు’ అన్నా నమ్మకండి. ఈ ఎముక పగులు మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో పడకపోవచ్చు. బొమ్మలో లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ చూపించలేదు. కట్టు వేయించుకుని 10 నుంచి 14 రోజులకి మళ్ళీ ఎక్స్‌రే తీయించాలి, ఆగలేకపోతే ఎమ్మారై. ఈ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు నుంచే అందుతుంది. నడిమికి విరిగితే మోచేతి వైపు ముక్కకి రక్తం తగ్గి, అది చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

లేని పగులు చూపించడమూ ఉంది. పిల్లల పాదంలో చిటికెనవేలి వైపు పొడుగు ఎముక మొదట్లో ఎదుగుదల గీత నిలువుగా ఉంటుంది. పగులైతే సాధారణంగా అడ్డంగా పోతుంది. ఆ తేడా తెలిసిన డాక్టరు చూడకపోతే ఊరికే పిండికట్టు పడుతుంది.

ఫిల్ము సరిగ్గా తీయకపోతే ఏఐ కూడా సరిగ్గా చదవదు. గాజులు, వాచీ, చేతి తాడు ముందే తీసేయండి. ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తప్పనిసరి. స్కాఫాయిడ్ అనుమానం ఉంటే చెయ్యి చిటికెనవేలి వైపు వంచి ఇంకొకటి. పక్క బొమ్మలో ముంజేతి రెండు ఎముకలూ ఒకదాని మీద ఒకటి పడాలి, చెయ్యి తిరిగిపోతే మళ్ళీ తీయమనండి. ఫిల్ముని ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సన్నగీతలు మాయమవుతాయి. సాఫ్ట్‌వేర్‌కి ఎక్స్‌రే మిషన్ ఇచ్చే అసలు ఫైలే (డైకామ్ అంటారు) వెళ్ళాలి.

డబ్బు కట్టేముందు ఇది ఏ ఎముకలకి, ఏ వయసువాళ్ళకి పనిచేస్తుందో అడగండి. 2018లో అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదించిన ఓస్టియోడిటెక్ట్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్ పెద్దవాళ్ళకి, అదీ రేడియస్ కింది చివర పగుళ్ళకే. పక్కనున్న స్కాఫాయిడ్ దాని లెక్కలోనే లేదు. కౌంటర్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేకపోతే ఆ రిపోర్టుకి అదనంగా కట్టక్కర్లేదు. రేడియాలజిస్ట్ సంతకం మర్నాడైనా సరే పెట్టించుకోండి. అసలు ఫైలు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకోండి, రెండు వారాల తర్వాత కొత్త ఎక్స్‌రేని పోల్చి చూసేది దానితోనే.