ఇంటర్‌వెల్ ట్రేసర్ సర్వీసు: డబ్బులకు తగ్గ పనేనా? (5కి 4)

వాటర్ ఫ్లడ్ (చమురును తోయడానికి ఇంజెక్షన్ బావుల్లోంచి నీరు ఎక్కించడం) నడుస్తున్న చమురు క్షేత్రంలో ఓ ప్రొడక్షన్ బావి వాటర్ కట్ (పైకొచ్చే ద్రవంలో నీటి వాటా) ఉన్నట్టుండి ఎగబాకితే, ముందు తేల్చుకోవాల్సింది ఆ నీరు ఏ ఇంజెక్షన్ బావిదన్నది. దీనికి సూటిగా జవాబు చెప్పేది ఇంటర్‌వెల్ ట్రేసర్ పరీక్షే: ఇంజెక్షన్ బావి నీటిలో గుర్తుపట్టగల పదార్థం (ట్రేసర్) కలిపి, అది ఏ ప్రొడక్షన్ బావిలో ఎప్పుడు తేలుతుందో చూస్తారు. నార్వేలోని వాల్‌హాల్ చమురు క్షేత్రంలో 2003లో చేసినట్టు సముద్రం అడుగున సుమారు 120 కిలోమీటర్ల కేబుల్ పరిచి 4డి సైస్మిక్ (ధ్వని తరంగాలతో భూగర్భాన్ని పదేపదే చిత్రించడం) తీస్తే, నీరు ఎందాకా పాకిందో తెలుస్తుంది. అది ఏ బావి నీరో మాత్రం తెలియదు.

ఎక్కువగా వాడేది ఫ్లోరినేటెడ్ బెంజోయిక్ యాసిడ్లు. వీటిలో రకాలు చాలా ఉన్నాయి కాబట్టి ఒక్కో ఇంజెక్షన్ బావికి ఒక్కోటి కేటాయించొచ్చు. నేరుగా నీళ్లలో సరిగా కరగవు; కాస్టిక్ సోడాతో సోడియం లవణంగా మార్చి, డోసింగ్ పంపుతో కొన్ని గంటల్లో ఇంజెక్షన్ లైన్‌లోకి ఎక్కిస్తారు. లక్ష ఘనపు మీటర్ల నీటిలో 5 కిలోలు కలిస్తే సగటున 50 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో 50 పాళ్లు). ల్యాబ్ ఒక పీపీబీ కన్నా తక్కువ ఉన్నా పట్టేస్తుంది. అలాగని మోతాదు తగ్గించొద్దు, చుట్టుపక్కల బావుల నీళ్లూ వచ్చి దాన్ని పలచన చేస్తాయి. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) అచ్చం నీటిలాగే నడుస్తుంది, కానీ మన దేశంలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి కావాలి. థయోసయనేట్ అనే లవణం చవకే గానీ వేడి రిజర్వాయర్లో, బ్యాక్టీరియా ఉన్నచోట నిలవదు.

సర్వీసు సత్తా బయటపడేది శాంపిల్ బాటిల్ దగ్గర. ట్రేసర్ దింపకముందే ప్రతి బావి నుంచి బ్యాక్‌గ్రౌండ్ శాంపిల్ తీసి పెట్టాలి. వాల్వ్ తెరిచి లైన్లో నిలవున్న నీరంతా పోయాకే బాటిల్ పట్టాలి. నూనె పైకి తేరాక అడుగు నీటిని మాత్రమే ల్యాబ్‌కు పంపాలి. ట్రేసర్ కలిపిన చేతులతో, అవే గ్లవ్స్‌తో బాటిల్ ముట్టుకుంటే గ్రాఫ్‌లో లేని పీక్ (ట్రేసర్ ఒక్కసారిగా పెరిగిన శిఖరం) పుట్టుకొస్తుంది. మొదటి వారాల్లో శాంపిళ్లు దగ్గర దగ్గరగా తీయాలి: పగులు ఉంటే ట్రేసర్ కొన్ని రోజుల్లోనే దూసుకొచ్చేస్తుంది, నెలకో బాటిల్ పడితే ఆ పీక్ మధ్యలోనే జారిపోతుంది. మన సురసాని యానాం తీరంలోని రవ్వ చమురు క్షేత్రం లాంటి చోట నూనె మానవరహిత ప్లాట్‌ఫాంల నుంచి ఒడ్డున టెర్మినల్‌కు వస్తుంది. అన్ని బావులూ కలిసిపోయాక టెర్మినల్లో పట్టిన శాంపిల్ ఎందుకూ కొరగాదు, ప్లాట్‌ఫాం మీదే బావి బావికీ పట్టాలి. పడవ ఖర్చు కొటేషన్లో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇక గ్రాఫ్ సంగతి. సన్నగా, తొందరగా లేచే పీక్ అంటే పగులో, నీళ్లన్నీ తాగేసే పొరో ఉన్నట్టు. జెల్ ట్రీట్‌మెంట్ (ఆ దారిని జెల్‌తో మూయడం) గురించి ఆలోచించాలి. ఆలస్యంగా, వెడల్పుగా వస్తే స్వీప్ (నీరు రిజర్వాయర్ అంతటా చమురును తోసుకుంటూ పోవడం) బాగున్నట్టు. రెండో పీక్ కనిపిస్తే మరో పొర అని తొందరపడొద్దు. ఉత్పత్తయిన నీటినే మళ్లీ ఇంజెక్ట్ చేస్తుంటే పాత ట్రేసరే తిరిగొచ్చి ఉండొచ్చు. అందుకే ఇంజెక్షన్ నీటినీ శాంపిల్ చేయాలి, చాలా ప్యాకేజీల్లో ఇది ఉండదు.

ఒక మార్కు తగ్గించింది ఇందుకే: రసాయనం, ల్యాబ్ వరకే బాధ్యత పెట్టుకుని శాంప్లింగ్‌ను ఫీల్డ్ సిబ్బందికి వదిలేసే ఒప్పందాలు మరీ ఎక్కువ. సంతకం చేసేముందు శాంప్లింగ్ షెడ్యూలు, ముడి డేటా, రోజువారీ ఫ్లో రేట్లు ఎవరి బాధ్యతో రాతపూర్వకంగా తీసుకోండి. ఫ్లో రేట్లు లేకపోతే ఎంత ట్రేసర్ తిరిగొచ్చిందో, ఎంత ఘనపరిమాణాన్ని నీరు తుడిచిందో లెక్కే తేలదు.