ఇంజన్ కట్టించాక ఆయిల్ లైటు వెలిగితే: చిక్కటి ఆయిలా, కొత్త పంపా, ఛాంబర్ దించడమా?

బోరు చేయించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు వేయించిన మా మారుతి 800 ఇంటికొచ్చిన మూడో రోజే సిగ్నల్ దగ్గర ఆయిల్ లైటు మిణుకుమంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఆరిపోయింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఏ గొడవా లేదు, వేడెక్కాకే ఇది. అడిగిన ముగ్గురూ మూడు మాటలు చెప్పారు: చిక్కటి ఆయిల్ పొయ్యండి, ఆయిల్ పంపు మార్చండి, ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) దించండి.

ఏది చేసినా ముందు ఆయిల్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోనే మెకానికల్ గేజీ బిగించి చూడాలి. స్విచ్ చెడినా లైటు వెలుగుతుంది. స్విచ్ మంచిదైతే మాత్రం టెన్షన్ పడాల్సిందే. చాలా కార్లలో ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్‌కి పడిపోతేగానీ ఆ లైటు వెలగదు. మా గేజీలో వేడి ఇంజన్ ఐడ్లింగ్‌లో ముల్లు 0.4 దగ్గర నిలబడింది.

చిక్కటి ఆయిల్ అన్నిటికంటే చవక. 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి గ్రేడు పోస్తే లైటు ఆరిపోవచ్చు కూడా. కానీ పంపు చేసేది ఆయిల్‌ని తోయడమే. ప్రెషర్ నిలబడేది బేరింగుకీ, అందులో తిరిగే క్రాంకు భాగమైన జర్నల్‌కీ మధ్య సందు ఇరుగ్గా ఉండటం వల్ల. మొక్కలకు నీళ్లు పట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు ఎగజిమ్ముతాయి, వేలు తీస్తే కారిపోతాయి. రెండుసార్లూ నీళ్ల మోటారు అదే కదా! చిక్కటి ఆయిల్ సందుని తగ్గించదు, కప్పిపెడుతుంది. పైగా చలి పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు పైన క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. అరిగిన పాత బండిని ఇంకో ఆరు నెలలు లాగాలంటే సరే. కొత్తగా కట్టిన ఇంజన్‌కి నేనైతే ఒప్పుకోను.

రేస్ చేసినా ముల్లు పైకి లేవకపోతే పంపు మీదో, ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందనో అనుమానపడొచ్చు. ముల్లు అదేపనిగా ఊగుతుంటే పంపుకి ఆయిల్ అందించే సక్షన్ పైపు ఓ-రింగు (రబ్బరు రింగు) దగ్గర గాలి లాగుతుందేమో చూడాలి. మాకు రేస్ చేస్తే ముల్లు చక్కగా లేచింది. అదీగాక 800లో పంపు క్రాంకు ముందు కొన మీద, టైమింగ్ బెల్టు వెనక ఉంటుంది. దాన్ని మార్చాలన్నా ఛాంబర్ దించాల్సిందే. అలాంటప్పుడు ముందే దించి చూడక, డబ్బు పంపుకి ఎందుకు పెట్టాలి?

దించాం. సక్షన్ పైపు మూతి జాలీలో అడ్డుపడే సిలికాన్ పేస్టు ముక్కలు లేవు, ఓ-రింగు బాగుంది. కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఒక్కొక్కటే విప్పి, జర్నల్ మీద ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ పోగు) ఎర్రది పెట్టి, చెప్పిన టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించి మళ్లీ విప్పాం. ఆ పోగు ఎంత వెడల్పుగా నలిగితే సందు అంత తక్కువ. మొదటి రెండింట్లో బాగా పరుచుకుంది. మూడోదాంట్లో పెద్దగా నలగక సన్నగానే మిగిలింది. కవరు మీద స్కేలు పక్కన పెడితే 0.10 మిల్లీమీటర్లు! ఇలాంటి చిన్న ఇంజన్లలో సాధారణంగా 0.02 నుంచి 0.05 మధ్య ఉండాలి. లేత్ షాపులో ఆ ఒక్క జర్నల్‌ని కాస్త ఎక్కువ కోసేశారు. బిగించే ముందు మైక్రోమీటర్ పెట్టి చూసిన వాళ్లు లేరు.

క్రాంకు మళ్లీ బయటికి తీసి, 0.25 మిల్లీమీటర్ల తక్కువ సైజు నుంచి 0.50 తక్కువ సైజుకి గ్రైండింగ్ చేయించి, దానికి సరిపడే బేరింగులు వేయించి, ఈసారి ప్రతి జర్నల్‌నీ దగ్గరుండి కొలిపించాను. పంపు పాతదే. ఆయిల్ పుస్తకంలో రాసిన గ్రేడే. ఇప్పుడు ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఐడ్లింగ్‌లో ముల్లు 1.2 బార్ దగ్గర కదలకుండా నిలబడుతోంది.