కేశవాయనగుంట మిద్దె మీద ఇంగ్లిష్ మాటల బ్యాచ్: ఫీజుకు న్యాయమే, కానీ రెండు మూడు జాగ్రత్తలు

పదో తరగతి పబ్లిక్ పరీక్షల ముందు ఇంగ్లిష్ వొకాబులరీ ఒక్కటే రివిజన్ చేయించే బ్యాచ్ ఒకటి మా తిరుపతిలో, కేశవాయనగుంటలో నడుస్తోంది. నడిపేది రిటైరైన ఇంగ్లిష్ టీచరు గారు. బోర్డు లేదు, పాంప్లెట్ లేదు. పేరు ఎక్కడా పెట్టొద్దమ్మా అని ఆయనే చెప్పారు కాబట్టి సార్ అనే రాస్తాను. మా పాప జనవరి నుంచి అక్కడికి వెళ్లి మార్చిలో పరీక్ష రాసింది. నాకు కొర్లగుంటలో టైలరింగ్ షాపు ఉంది. బ్లౌజులు ఇవ్వడానికి వచ్చే పదో తరగతి తల్లులందరూ దీని గురించే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేసరికి నా పని ఆగిపోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

స్టేట్ సిలబస్ ఇంగ్లిష్ పేపరు 100 మార్కులకు ఉంటుంది. ప్యాసేజీ చదివి జవాబులు రాసే భాగానికి 30, గ్రామర్, వొకాబులరీ కలిపి 40, లెటరు లాంటివి సొంతంగా రాసే భాగానికి 30. ఆ 40లో గీత గీసిన మాటకు సిననిమ్ (అదే అర్థం వచ్చే మాట), యాంటనిమ్ (వ్యతిరేక అర్థం వచ్చే మాట) అడుగుతారు. బ్రాకెట్లో మాట ఇచ్చి సరైన రూపం రాయమంటారు. స్పెల్లింగులో ఖాళీ వదిలి ఐఈ పెట్టాలో ఈఐ పెట్టాలో తేల్చుకోమంటారు. నాలుగు మాటలిచ్చి స్పెల్లింగు తప్పున్నది ఏదో పట్టుకోమంటారు. పాఠాలు బట్టీపట్టే పిలకాయలు ఎక్కువగా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. మాట తెలిసినట్టే ఉంటుంది, పెన్ను మాత్రం కదలదు.

మా పాప అంతకుముందు గైడులో మీనింగ్స్ పేజీలన్నిటికీ పచ్చ స్కెచ్ పెన్ను పూసి, రాత్రిపూట మంచం మీద అటూ ఇటూ ఊగుతూ చదివేది. "వచ్చేసింది మా" అనేది. పేజీ మూసి అడిగితే పైకప్పు చూసేది. కొలతల నోటు ఎన్నిసార్లు చదివినా బ్లౌజు కుట్టినట్టు కాదు కదా!

సార్ మొదటిరోజే తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఇదే విషయం చెప్పారు. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎంత తొందరగా మరిచిపోతున్నాడో లెక్కతీసి 1885లో పుస్తకం వేశాడట. ఇంకొకటి ఈమధ్యది. 2008లో అమెరికాలో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు కాలేజీ పిల్లలకు 40 స్వాహిలి మాటలు ఇంగ్లిష్ అర్థాలతో నేర్పించారు. వచ్చేసిన మాట మీద కూడా మళ్లీ మళ్లీ పరీక్ష రాసినవాళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసిన మాట మీద పరీక్ష మానేసినవాళ్లు, దాన్ని మళ్లీ ఎన్నిసార్లు చదివినా సరే, 35 శాతం దగ్గరే ఆగిపోయారు. పక్కన కూర్చున్న ఒకాయన "మా వాడికి స్వాహిలి ఎందుకు సార్" అన్నాడు. సార్ నవ్వలేదు.

ఇక పద్ధతి. ఇంట్లో ఉన్న పాత శుభలేఖలు తెమ్మంటారు. మా ఊళ్లో శుభలేఖలకు కొరతేముంది, ప్రతి ఇంట్లో కట్టలు కట్టలు ఉంటాయి. వాటిని అరచేతిలో సగం ఉండేలా కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు వాడుకుంటారు. స్వామివారి బొమ్మ మీద కత్తెర పడకూడదు, అది సార్ రూలు. బొమ్మ ఉన్న ముక్కలన్నీ విడిగా ఒక కవర్లో వేసి ఆయనకే ఇచ్చేయాలి. ముక్కకు ఒకవైపు పైన ఇంగ్లిష్ మాట, కింద ఆ మాట ఖాళీగా వదిలిన వాక్యం ఒకటి. రెండోవైపు సిననిమ్, యాంటనిమ్, ఆ మాటకున్న రూపాలు. సక్సెస్ అని ఉంటే వెనక సక్సీడ్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ. అన్నీ చేత్తోనే రాయాలి, జిరాక్సు తెస్తే తీసుకోరు.

ముక్కలకు ఐదు డబ్బాలు. మా పాప నా షాపులో దారం రీళ్లు వచ్చే అట్టపెట్టెలు తీసుకెళ్లింది. కొత్త ముక్కలన్నీ ఒకటో డబ్బాలో ఉంటాయి, దాన్ని రోజూ తీయాలి. వెనక్కి తిప్పకుండా జవాబు రాయగలిగితే ఆ ముక్క రెండో డబ్బాలోకి పోతుంది, దాన్ని రోజు విడిచి రోజు చూస్తారు. మూడోది నాలుగు రోజులకోసారి, నాలుగోది వారానికి, ఐదోది రెండు వారాలకు. ఎక్కడ తప్పినా సరే, ఐదో డబ్బాలో తప్పినా సరే, మళ్లీ ఒకటో డబ్బాకే. ఇది సార్ కనిపెట్టింది కాదు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంతో పాపులర్ అయిన పద్ధతి అని సారే చెప్పారు. ఫోన్లలో వచ్చే ఫ్లాష్‌కార్డు యాప్‌లు కూడా కొంచెం అటూ ఇటూగా దీని మీదే నడుస్తాయట. పదో తరగతి పిల్ల చేతికి పరీక్షల ముందు ఫోను ఇవ్వడం నాకిష్టం లేదు, అందుకే నాకు అట్టపెట్టెలే నచ్చాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం ఖాళీ వాక్యాల సంగతి. గైడు వాక్యం రాస్తే సార్ ఒప్పుకోరు, సొంత వాక్యం కావాలి. ఒకరోజు తీసుకురావడానికి వెళ్లి మెట్ల దగ్గర నిలబడితే వినిపించింది. మెజర్ అనే మాటకు వాక్యం చెప్పమన్నారు. మా పాప మా అమ్మ బ్లౌజుకు కొలత తీస్తుంది అనే అర్థం వచ్చేలా ఇంగ్లిష్‌లో చెప్పింది. "సరే, అదే వాక్యం మెజర్‌మెంట్ పెట్టి మార్చు" అన్నారు. కాసేపు ఆగి మార్చింది. "ఇప్పుడు వాక్యం నిన్న జరిగినట్టు." మార్చింది. అంతే, శభాష్ లేదు, ఏమీ లేదు, పక్కపిల్ల మీదికి పోయారు. బ్రాకెట్లో మాట ఇచ్చి రూపం రాయమనే ప్రశ్నకు ఇంతకు మించిన ప్రాక్టీసు ఏముంటుంది?

యాంటనిమ్స్‌ను ముందు వచ్చే అక్షరాలను బట్టి గుంపులు చేయిస్తారు. లీగల్‌కు ఇల్లీగల్, రెగ్యులర్‌కు ఇర్రెగ్యులర్, పొలైట్‌కు ఇంపొలైట్. కానీ అన్నీ ఒకే రోజు ఇవ్వరు. ఒకలా కనిపించేవి కలిపి ఇస్తే రెండూ చెడతాయంటారు. ఫిబ్రవరి ఆఖరుకు కొత్త ముక్కలు రాయడం ఆపించేస్తారు. తర్వాత రాసినవి పరీక్షలోపు పై డబ్బాల దాకా ఎక్కవు, ఊరికే టెన్షన్ తప్ప ఏమీ లేదని ఆయన లెక్క.

ఇక ఇబ్బందులు. అసలు ఇబ్బంది ముక్కల్ని ఎవరూ సరిచూడకపోవడం. జనవరిలో పిల్లలు తక్కువ, సార్ ప్రతి ముక్కా చూసేవారు. ఫిబ్రవరికి చాప చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు, వెనక ఉన్నవాళ్లవి చూసే తీరిక ఆయనకు లేదు. మా పాప సెపరేట్ స్పెల్లింగులో నడుమ 'ఏ' అక్షరం ఉండాల్సిన చోట 'ఈ' అక్షరం రాసుకుంది. ముక్క మీదే తప్పుంటే, దాన్ని చూసి దిద్దుకున్న పిల్లకు తప్పు ఎలా తెలుస్తుంది? ఆ ముక్క దర్జాగా మూడో డబ్బా దాకా పోయింది. చివరికి పట్టుకుంది స్కూల్లో మేడమ్. సార్‌కు చెబితే "మీరు కూడా వారానికోసారి డిక్షనరీ పెట్టుకుని చూడండమ్మా" అన్నారు. నాకు వచ్చిన ఇంగ్లిష్‌కు అది కష్టమే, అయినా అక్షరం అక్షరం పోల్చడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదని తర్వాత తెలిసింది. మీరు చేర్పిస్తే ఈ పని మొదటివారం నుంచే చేయండి.

రెండోది టైము. స్కూల్లో స్టడీ అవర్స్ అయ్యాక ఇంటికొచ్చి, ఏదో ఒకటి తిని, మళ్లీ ఆరున్నరకు అక్కడ ఉండాలి. ఎనిమిదింటికి వదులుతారు. ఆ సందులో రెండు వీధిలైట్లు వెలగవు, కుక్కలు ఎక్కువ. ఆడపిల్లను ఒంటరిగా పంపలేం. శనివారం యాత్రికుల రద్దీలో స్కూటీ మీద పోవడం పెద్ద పని. మిద్దె మీద దోమలు సరేసరి, సార్ వాళ్లావిడ వేపాకు పొగ వేస్తారు గానీ దోమల కంటే పిల్లలే ఎక్కువ దగ్గుతారు.

ఇంకొకటి, ఇక్కడ లెటర్ రైటింగ్ చెప్పరు, ప్యాసేజీలు చేయించరు. ఆ 60 మార్కులకు మీ స్కూలే దిక్కు. ఇంగ్లిష్ కూడబలుక్కుని చదివే పిల్లలకు ఈ బ్యాచ్ పనికిరాదని నా అభిప్రాయం. మా వీధి అబ్బాయి ఒకడు చేరి, ముక్కలు రాయడంలోనే అలిసిపోయి మానేశాడు. వాడికి ముందు చదవడం నేర్పాలి. ఓ మోస్తరుగా చదువుతూ, అరవైల దగ్గర ఆగిపోయిన పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతుంది.

మా పాపకు ప్రీ ఫైనల్‌లో 61 వచ్చింది, పబ్లిక్‌లో 83. అంతా సార్ గొప్పే అని నేననను. స్కూల్లో మేడమ్ లెటర్లు దిద్ది దిద్ది చేతులు నొప్పి పుట్టించుకుంది, అది కూడా ఇందులో ఉంది. కానీ మాట చూసి పైకప్పు చూడటం మాత్రం ఈ డబ్బాలతోనే పోయింది. ఐదుకు నాలుగు ఇస్తాను. ముక్కలు సరిచూసే మనిషిని ఇంకొకరిని పెట్టుకుంటే నాలుగున్నర.

ఫీజు పరీక్షల దాకా మొత్తం 1,200. రెండు విడతలుగా ఇస్తామంటే ఒప్పుకుంటారు, అక్కాచెల్లెళ్లిద్దరు వస్తే తగ్గిస్తారు కూడా. కొత్త బ్యాచ్ సంక్రాంతి అయ్యాక మొదలవుతుంది. చేరాలంటే డిసెంబరులోనే వెళ్లి చెప్పుకోండి, ముందు వరస చాప దొరుకుతుంది. రసీదు మాత్రం అడగొద్దు, ఇవ్వరు.