అమెరికా సెనేటర్ల పాత ఎంపిక విధానం: 1866 చట్టంపై సమీక్ష

అమెరికా పార్లమెంటులో ఎగువ సభ అయిన సెనేట్ సభ్యులను, అంటే సెనేటర్లను, ఒకప్పుడు ప్రజలు కాదు, రాష్ట్రాల శాసనసభలే ఎన్నుకునేవి. ఏ పద్ధతిలో ఎన్నుకోవాలో రాజ్యాంగం వివరించలేదు. రాష్ట్ర శాసనసభలోని రెండు సభలూ పంతానికి పోతే సీటు ఖాళీగా ఉండిపోయేది. ఆ లోటు పూడ్చడానికి 1866 జూలైలో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఒక చట్టం చేసింది.

కాగితం మీద చక్కటి విధానమే. శాసనసభ కొలువుదీరాక రెండో మంగళవారం రెండు సభలూ విడివిడిగా, సభ్యులు పేరు పైకి చెప్పి ఓటేయాలి. మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు ఉమ్మడి సమావేశం. రెండుచోట్లా ఒకరికే మెజారిటీ వచ్చి ఉంటే ఎన్నిక పూర్తయినట్టే. లేకపోతే ఉమ్మడి ఓటింగ్. ఎవరో ఒకరు గెలిచేదాకా రోజుకు కనీసం ఒక్కసారైనా ఓటింగ్ జరపాల్సిందే.

చిక్కంతా మెజారిటీ షరతులోనే ఉంది. అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే చాలదు, సగం దాటాలి. దాంతో అధికార పార్టీలో చీలిన చిన్న ముఠా కూడా ఎన్నికను ఆపేయగలిగేది. డెలావేర్‌లో 1895లో 114 రోజులపాటు 217 సార్లు ఓటేసినా సెనేటర్ తేలలేదు. 1901 నుంచి 1903 దాకా ఆ రాష్ట్రానికి రెండు సీట్లూ ఖాళీయే! రాష్ట్రం పనులు మూలపడేవి, అది ఇంకా పెద్ద నష్టం.

బహిరంగ ఓటు లంచాలనూ ఆపలేదు. ఇల్లినాయ్ నుంచి 1909లో గెలిచిన విలియం లోరిమర్ ఎన్నికను అవినీతి కారణంగా 1912లో సెనేటే రద్దు చేసింది.

ఒరెగాన్ రాష్ట్రం పట్టిన మార్గం మెరుగు: ముందు ప్రజల ఓటు, దాన్ని మన్నిస్తామని శాసనసభ అభ్యర్థుల హామీ. 1913లో 17వ రాజ్యాంగ సవరణతో ప్రత్యక్ష ఎన్నిక దేశమంతటా వచ్చింది.