లివర్‌మోరా, నాపానా?

కాలిఫోర్నియా బే ఏరియాలో వైన్ రుచి చూడటానికి లివర్‌మోర్ వెళ్లాలా, నాపా లోయకి వెళ్లాలా? అక్కడి డబ్లిన్, ఫ్రీమాంట్ వైపు ఉండే మనవాళ్లకి వెంటీ వైనరీ (వైన్ తయారుచేసే చోటు) దగ్గర. లివర్‌మోర్‌లో 1883 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. కాలిఫోర్నియాలో షార్డొనే (తెల్ల వైన్ చేసే ద్రాక్ష) తోటల్లో చాలావరకు వీళ్ల తీగల సంతతే, అందుకే రుచి చూడటం దాంతోనే మొదలుపెట్టాలి. గ్లాసు అడుగున రెండు గుక్కలు పోస్తారు. తిప్పి వాసన చూస్తే ఆపిల్, కాస్త వెన్న. డ్రైవ్ చేసేవాళ్లు మిగిలింది పక్కనున్న గిన్నెలో పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

నాపాలోని వి. సట్టూయి వైనరీ కథ వేరు. 1885లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై, అమెరికాలో మద్యనిషేధంతో మూతపడితే, స్థాపించినాయన మునిమనవడు 1970ల్లో నాపాలోని సెయింట్ హెలెనా ఊళ్లో మళ్లీ తెరిచాడు. అక్కడే చీజ్ కొనుక్కుని చెట్ల కింద కూర్చోవచ్చు, పిల్లలుంటే ఇదే నయం. కానీ వీకెండ్‌లో ఆ ట్రాఫిక్ ఉందే! నా ఓటు వెంటీకే.