ఎనాక్సాపారిన్ సిరంజి: గర్భం తొలి వారాల్లో వాడిన అనుభవం

కొన్నేళ్ల క్రితం కాలి సిరలో రక్తం గడ్డకట్టినందువల్ల, ఈసారి గర్భం నిర్ధారణ కాగానే డాక్టరుగారు రక్తం గడ్డకట్టకుండా చూసే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్‌ను రోజుకొకసారి 40 మిల్లీగ్రాముల చొప్పున రాశారు. అప్పట్లో వేసుకున్న వార్ఫరిన్ మాత్రలే మళ్లీ ఇవ్వవచ్చు కదా అని అడిగితే, వార్ఫరిన్ మావిని దాటి బిడ్డను చేరుతుందని, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య ముక్కు, ఎముకల ఎదుగుదలను దెబ్బతీసే ప్రమాదం ఉందని, ఎనాక్సాపారిన్ మావిని దాటదని వివరించారు.

మందు ముందే నింపి ఉన్న సిరంజి కాబట్టి కొలతలో పొరపాటుకు తావు లేదు. అందులో కనిపించే చిన్న గాలి బుడగను చూసి మొదటిరోజు భయపడి బయటకు నెట్టబోయాను, నర్సు వెంటనే ఆపింది. ఆ బుడగను అలాగే ఉంచాలి. నెట్టేస్తే దానితోపాటు కొంత మందు కూడా పోతుంది. బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో చర్మాన్ని మడతగా పట్టుకుని, సూదిని నిటారుగా పూర్తిగా దించి, మందంతా ఎక్కేదాకా ఆ మడతను వదలకూడదు. సూది తీశాక అక్కడ రుద్దకుండా, ఒకరోజు కుడివైపు, మరునాడు ఎడమవైపు మార్చి తీసుకోవడం మొదలుపెట్టాక పొట్టమీద కమిలిన మచ్చలు బాగా తగ్గాయి. మంట మాత్రం తప్పలేదు.

నా అసలు ఫిర్యాదు పెట్టెలో వచ్చే కాగితం గురించి. ఎనిమిదో వారంలో ఒక రాత్రి రక్తస్రావం కనిపించినప్పుడు, తర్వాతి డోసు తీసుకోవాలా, ఆపాలా అని వణికే చేతులతో ఆ కాగితం విప్పితే, చీమతలకాయలంత అక్షరాల మధ్య నాకు కావలసిన మాట వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. రక్తస్రావం కనబడితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలన్న ఒక్క వాక్యాన్ని పెట్టెమీదే పెద్ద అక్షరాలతో వేస్తే ఎంత మేలు జరుగుతుంది!

ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాం. పిండం గర్భాశయంలోనే ఉందని, గుండె కొట్టుకుంటోందని స్కానింగ్‌లో తేలింది; పిండం ఉన్న తిత్తి పక్కన చిన్న రక్తపు గడ్డ కనిపించింది. ఈ మందు వాడని వారిలోనూ తొలి నెలల్లో రక్తస్రావం మామూలుగా కనిపించేదేనని, అయినా మందు వాడుతున్నప్పుడు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పి, ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్ చూసి, రెండు రోజులు డోసు ఆపించి, రక్తం ఆగాక మళ్లీ మొదలుపెట్టించారు. అది నా పరిస్థితిని చూసి అక్కడి డాక్టరుగారు తీసుకున్న నిర్ణయం. గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఒక్క డోసు ఆపడం కూడా ప్రమాదమే కావచ్చు కాబట్టి, ఇది చదివి ఎవరూ తమంతట తాము మానేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మందుకు అయిదింటికి నాలుగు చుక్కలు ఇస్తాను, ఆ కాగితానికి ఒక్కటే.